అరికాళ్ల పటం ఏడికెల్లి వచ్చింది?

జాతర్ల గని, ఎగ్జిబిషన్ల గని చూసే ఉంటరు. అరికాళ్ల బొమ్మ ఒకటి గోడకు తగిలేసి, బొటనవేలు కాడ తల, నడుమ కడుపు, కిడ్నీలు అని రంగులేసి పెడ్తరు. "ఈడ ఒత్తితె ఆడ రోగం పోతది, వేల ఏండ్ల సంది ఉన్న విద్య" అంటరు. దీన్నే రిఫ్లెక్సాలజీ అంటున్నరు.

అసలు ముచ్చటేందంటె, ఆ పటానికి నిండ వందేండ్లు గూడ లేవు.

అమెరికల విలియం ఫిట్జ్‌జెరాల్డ్ అని చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఉండె. ఒంట్ల ఒక కాడ గట్టిగ ఒత్తితె ఇంకో కాడ నొప్పి తెల్వదని ఆయన లెక్క. తలకాయ నుంచి కాలివేళ్ల దాక ఒంటిని నిలువుగ పది పట్టీలు చేసిండు. నొప్పి తగ్గనీకి వేళ్లకు రబ్బరు బ్యాండ్లు, బట్టల క్లిప్పులు పెట్టేటోడు! 1917ల ఎడ్విన్ బోవర్స్‌తోని కలిసి 'జోన్ థెరపీ' అని పుస్తకం తెచ్చిండు.

దాన్ని పాదాల మీదికి దించింది యూనిస్ ఇంగామ్ అనే ఫిజియోథెరపిస్టు. పేషెంట్ల కాళ్లు ఒత్తుకుంట, ఏడ నొప్పంటున్నరో చూసుకుంట పటం గీసింది. 1938ల పుస్తకం అచ్చేసింది. నరాల దారి పట్టి గీసిన పటం గాదది. 1960లల్ల డోరీన్ బేలీ ఇంగ్లండుకు తీస్కపోయింది.

మరి వేల ఏండ్ల మాట? ఈజిప్టుల సక్కారా కాడ అంఖ్‌మహోర్ సమాధి గోడ మీద కాళ్లు, చేతులు పట్టుకున్న మనుషుల బొమ్మ ఉన్నది. దాన్నే సాక్ష్యం జూపిస్తరు. గోళ్లు తీస్తున్నరని గూడ అనుకోవచ్చు గద.

కాళ్లు ఒత్తితె హాయిగుంటది, అది కాదనలేం. పొలంకెల్లి వచ్చిన నాయన కాళ్లు ఒత్తనీకి పటమేం అక్కరలేదు. రోగం పోతదన్న కాడనే పేచీ. ఆస్ట్రేలియా సర్కారు 2015ల లెక్కలు తీపిస్తె గట్టి రుజువు దొరకలే. 2019 ఏప్రిల్ సంది ఇన్సూరెన్స్ రాయితీకెల్లి దీన్ని తీసేసిన్రు.

మనకాడ భయం షుగరున్నోళ్ల గురించి. శానా ఏండ్లు షుగరుంటె పాదాలు మొద్దుబారుతయి. కట్టెతోని ఒత్తినా, బుడిపెల చెప్పులేసినా, పుండైంది తెల్వది. అది మానకపోతె వేలు తీసెయ్యాల్సొస్తది. ఇంట్ల తాతకో అమ్మకో అసొంటి చెప్పులు కొనాలనుకుంటె, ముందుగాల డాక్టరుకు పాదాలు చూపెట్టుర్రి. ఒత్తెటాయన గోలీలు బందువెట్టుమన్నడా, ఆడికెల్లి లేచి వచ్చుడే.