రాష్ట్రమంతయు ఒకే వార్డు

పంచాయతీ సభ్యులకు ఎన్నికల పద్ధతులు క్రొత్తవి కావు. వార్డు సభ్యుని ఆ వార్డులోని ఓటర్లే ఎన్నుకొందురు. సర్పంచును ఊరంతయు కలిసి ఎన్నుకొనును. మండల పరిషత్తు అధ్యక్షుని మాత్రము ప్రజలు నేరుగా ఎన్నుకొనరు, గెలిచిన ఎం.పి.టి.సి. సభ్యులు తమలో ఒకరిని ఆ పదవికి ఎన్నుకొందురు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో మండలాధ్యక్షులను సైతము ఓటర్లే నేరుగా ఎన్నుకొనిరి. ఆనాటి పోటీ ఎరిగినవారు గ్రామములలో ఇంకను పలువురు కలరు. ఊరంతయు ఓటు వేయుటకును, కొద్దిమంది సభ్యులు కూడి ఓటు వేయుటకును గల భేదము ఎట్టిదో అమెరికా సెనేటు ఎన్నికలలో మిక్కిలి స్పష్టముగా కానవచ్చును. అందువలన అచట పెన్సిల్వేనియా రాష్ట్రమున 2022లో జరిగిన ఎన్నికను ఈ మాసము మా పాఠకులకు వివరింపదలచితిమి.

అమెరికా పార్లమెంటును కాంగ్రెసు అందురు. (మన దేశములోని ఆ పేరుగల పార్టీతో దీనికి సంబంధము లేదు.) అందు రెండు సభలు కలవు. దిగువ సభలో 435 మంది సభ్యులు. వీరిని ఒక్కొక్క నియోజకవర్గము నుండి ఒక్కొక్కరిగా ఎన్నుకొందురు. ఎగువ సభ పేరు సెనేటు. రాష్ట్రము పెద్దదైనను చిన్నదైనను దానికి ఇద్దరే సెనేటర్లు. 50 రాష్ట్రములకు 100 మంది. పదవీకాలము 6 ఏండ్లు. సెనేటరుకు వేరుగా నియోజకవర్గమనునది లేదు, రాష్ట్రమంతయు ఆయన నియోజకవర్గమే. మన మాటలలో చెప్పవలెనన్న దిగువ సభ సభ్యుడు వార్డు సభ్యుని వంటివాడు, సెనేటరు సర్పంచు వంటివాడు.

మొదటి నుండియు ఇట్లు లేదు. 1913 వరకు సెనేటర్లను ఆయా రాష్ట్రముల శాసనసభల వారే ఎన్నుకొనెడివారు. మన రాజ్యసభ సభ్యులను నేటికిని శాసనసభ్యులే ఎన్నుకొనుచున్నారు గదా, దాదాపు అట్లే. ఓటర్లు కొద్దిమంది యగుటచే వారిని లోబరచుకొనుట ధనవంతులకు సులువయ్యెను. మోంటానా రాష్ట్రమున రాగి గనుల యజమాని విలియం క్లార్కు 1899లో ఈ పద్ధతిననే సెనేటుకు ఎన్నికయ్యెను. శాసనసభ్యుల ఓట్లను సొమ్మిచ్చి కొనెనని ఆరోపణ వచ్చినది. సెనేటు సంఘము విచారణ జరిపి ఆ ఎన్నిక చెల్లదని తేల్చగా, సభ తీర్పు చెప్పక మునుపే 1900లో ఆయన రాజీనామా చేసెను. అప్పుడు గవర్నరు రాష్ట్రములో లేడు. ఆయన స్థానమున నున్న ఉప గవర్నరు, ఖాళీయైన ఆ స్థానమునకు తిరిగి క్లార్కునే నియమించెను! గవర్నరు వచ్చి ఆ నియామకమును త్రోసిపుచ్చవలసి వచ్చినది. మరుసటి ఏడు శాసనసభ ఆయననే మరల ఎన్నుకొనెను. డెలావేర్ రాష్ట్రములోనైతే శాసనసభ్యులు ఎవరినిని ఎన్నుకొనజాలక, 1901 నుండి 1903 వరకు రెండు స్థానములును ఖాళీగానే ఉండెను. తుదకు 1913లో 17వ రాజ్యాంగ సవరణ ద్వారా ఈ ఓటు ప్రజల చేతికి వచ్చినది.

అధ్యక్ష ఎన్నికకు ముందు సభ్యులను వాహనములలో దూరప్రాంతములకు తరలించి, ఓటు నాడు మాత్రమే తీసికొనివచ్చు 'క్యాంపు'ల సంగతి మన పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. మన దేశమున రాజ్యసభ ఎన్నికలలో ఇట్టి చిక్కులు అరికట్టుటకే 2003లో బహిరంగ ఓటు పద్ధతిని ప్రవేశపెట్టిరి. పార్టీకి చెందిన సభ్యుడు తన ఓటును పార్టీ ప్రతినిధికి చూపి పెట్టెలో వేయవలెను.

ఇక పెన్సిల్వేనియా విషయము. ఆ రాష్ట్రము తెలంగాణ కంటె కొంచెము పెద్దది. జనాభా సుమారు 1 కోటి 30 లక్షలు. తూర్పున ఫిలడెల్ఫియా, పడమట పిట్స్‌బర్గ్ నగరములు. నడుమ కొండలు, బొగ్గు గనులు, పొలములు, చిన్న ఊళ్లు. మన జిల్లాల వంటి కౌంటీలు 67. రిపబ్లికన్ పార్టీకి చెందిన సెనేటరు పాట్ టూమీ 2022లో తిరిగి పోటీ చేయనని 2020 అక్టోబరులోనే ప్రకటించెను. పదవిలో నున్నవాడు తప్పుకొన్నచో ఆ స్థానమునకు ఆశపడువారు ఎక్కువగుదురు. సర్పంచు ఈసారి నిలబడడని తెలిసిన ఊరిలో ఏమి జరుగునో మనకు ఎరుకయే.

అచట పార్టీ అభ్యర్థిని పార్టీ నాయకులు నిర్ణయింపరు. ఆ పార్టీవారుగా నమోదైన ఓటర్లే తొలి ఎన్నికలో ఎన్నుకొందురు. ఆ తొలి ఎన్నిక మే 17న జరిగినది. రిపబ్లికన్ పక్షమున టెలివిజనులో పేరొందిన గుండె వైద్యుడు మెహ్మెత్ ఓజ్, డేవిడ్ మెకార్మిక్ అను మరియొకరు ముందు నిలిచిరి. పోలైన ఓట్లు 13 లక్షలకు పైబడినవి. తేడా అర శాతమునకు మించనిచో తిరిగి లెక్కింపవలెనని ఆ రాష్ట్ర చట్టము. లెక్కింపగా ఓజ్ ఆధిక్యము 951 ఓట్లని తేలినది. మన పెద్ద పంచాయతీలలో ఒకటి రెండు వార్డుల ఓటర్లు!

డెమోక్రాటిక్ పక్షమున గెలిచిన జాన్ ఫెటర్‌మన్ పంచాయతీ స్థాయి నుండి వచ్చినవాడు. పిట్స్‌బర్గ్ సమీపమున ఉక్కు కర్మాగారము గల బ్రాడక్ అను చిన్న పట్టణమునకు మేయరుగా పనిచేసెను. ఆ ఊరి జనాభా రెండు వేలకు లోపే. 2005లో ఆయన తొలిసారి ఆ పదవికి పోటీ చేసినప్పుడు పార్టీ తొలి ఎన్నికలో గెలిచినది ఒకే ఒక ఓటుతో. సెనేటుకు నిలిచినప్పుడు ఆయన పెట్టుకొన్న నినాదము 'ప్రతి కౌంటీ, ప్రతి ఓటు'. తన పార్టీ ఎన్నడును గెలువని గ్రామీణ కౌంటీలకును పోయెను.

ఓడిపోవు చోటికి పోవుట ఏల? ఒక లెక్క చూతము. ఒక పంచాయతీలో పెద్ద ఊరికి 600 ఓట్లు, రెండు తండాలకు 200 చొప్పున ఓట్లు ఉన్నవనుకొందము. సర్పంచు అభ్యర్థి ఒకరికి పెద్ద ఊరిలో 330, ప్రత్యర్థికి 270 వచ్చినవి. అభ్యర్థి తండాల మొగము చూడలేదు. అచట ఒక్కొక్కదానిలో 60 ఓట్లే వచ్చినవి, ప్రత్యర్థికి 140. మొత్తమున 100 ఓట్లతో ఓటమి. అదే అభ్యర్థి తండాలకు పోయి 90 చొప్పున తెచ్చుకొన్నచో, రెండు తండాలలోను ఓడియును, 20 ఓట్లతో సర్పంచగును. వార్డు ఎన్నికలో ఓడిన అభ్యర్థికి వచ్చిన ఓట్లు అంతటితో పోవును. ఊరంతయు ఒకే వార్డైనపుడు ఏ ఓటును పోదు.

ఓజ్ ఎదుర్కొన్న ప్రశ్న మరియొకటి. ఆయన చాలకాలము పొరుగున నున్న న్యూజెర్సీలో నివసించెను గనుక స్థానికేతరుడని ప్రత్యర్థులు విమర్శించిరి. అమెరికా రాజ్యాంగము ప్రకారము ఎన్నిక నాటికి ఆ రాష్ట్ర నివాసియైన చాలును. ఇక ఫెటర్‌మన్ తొలి ఎన్నికకు నాలుగు దినముల ముందు పక్షవాతమునకు గురియయ్యెను. అక్టోబరు 25న జరిగిన ఏకైక చర్చలో, చెవిన పడిన మాటను వెంటనే గ్రహించుట కష్టమగుచుండుటచే, ఎదుటివారి మాటలను తెరపై అక్షరములలో చదువుకొనుచు జవాబులిచ్చెను. ఈ ఎన్నికపై ఉభయ పక్షములకు అయిన వ్యయము 30 కోట్ల డాలర్లకు మించినది. కొద్దిమంది ఓటర్లను కొనుట తప్పినను ధనప్రభావము తప్పలేదు. అది ప్రకటనల రూపము దాల్చినది.

నవంబరు 8న ఓట్లు పడినవి. అధిక సంఖ్యాకములైన కౌంటీలలో ఓజ్‌కే ఆధిక్యము లభించినది. అయినను రాష్ట్రము మొత్తమున ఫెటర్‌మన్‌కు సుమారు 27 లక్షల 51 వేలు, ఓజ్‌కు 24 లక్షల 87 వేలు వచ్చినవి. నగరముల ఓట్లు ఫెటర్‌మన్‌కు బలమైనవి. ఓడిన గ్రామీణ కౌంటీలలో కూడ అంతకుముందు తన పార్టీకి వచ్చినదాని కంటె ఆయనకు ఎక్కువ పాలు దక్కినది. 2023 జనవరి 3న పదవీ ప్రమాణము చేసెను.

తొలి ఎన్నికలో 951 ఓట్లతో వెనుకబడిన మెకార్మిక్, 2024లో అదే రాష్ట్రపు రెండవ సెనేటు స్థానమునకు పోటీ చేసి గెలిచెను. ఆ పర్యాయము తేడా 70 లక్షల ఓట్లకు దాదాపు 15 వేలు.