ఎలైజా కొలిచేది ఎంజైమునే, దాని పనిని కాదు

1960లలో రక్తంలో అతి స్వల్పంగా ఉండే హార్మోన్లను కొలవాలంటే ప్రధానంగా రేడియోధార్మికత మీదే ఆధారపడేవారు. న్యూయార్క్‌లో రోజలిన్ యాలో, సాలమన్ బెర్సన్ రూపొందించిన రేడియో ఇమ్యునోఅస్సే ఇన్సులిన్‌ను అద్భుతంగా పట్టి ఇచ్చింది. ఆ కృషికే 1977లో యాలోకు నోబెల్ దక్కింది. బెర్సన్ అప్పటికే కన్నుమూశారు. కానీ ఆ పద్ధతికి రేడియోధార్మిక అయోడిన్ కావాలి, దాన్ని భద్రంగా వాడే ఏర్పాట్లూ కావాలి. 1971లో స్టాక్‌హోమ్‌లో ఎవా ఎంగ్వాల్, పీటర్ పెర్ల్‌మన్, నెదర్లాండ్స్‌లో బౌకె వాన్ వీమెన్, ఆంటన్ షూర్స్ ఎవరికి వారుగా ఒకే దారి పట్టారు: రేడియోధార్మిక గుర్తు స్థానంలో రంగు పుట్టించే ఎంజైమును పెట్టారు. అలా పుట్టిన ఎలైజాతో మామూలు ప్రయోగశాలకూ ఈ కొలత అందుబాటులోకి వచ్చింది.

ఈ పద్ధతితో ఇప్పుడు మరో ఎంజైమునే కొలుస్తున్నారు. ట్రిప్టోఫాన్ నుంచి సెరటోనిన్ తయారయ్యే దారిలో తొలి అడుగు వేయించేది, వేగాన్ని నిర్ణయించేది ట్రిప్టోఫాన్ హైడ్రాక్సిలేజ్. 96 గుంటల ప్లేటు అడుగున అతికించిన యాంటీబాడీ దాన్ని పట్టుకుంటుంది, రెండో యాంటీబాడీ దానిమీద వాలుతుంది, దానికి తగిలించిన పెరాక్సిడేజ్ నీలం రంగు తెస్తుంది. ఆమ్లం కలిపితే అది పసుపుగా మారుతుంది. 450 నానోమీటర్ల దగ్గర ఆ రంగు గాఢతను చదివి, తెలిసిన మోతాదుల రేఖతో పోల్చి అంకె చెబుతారు. ఆ అంకె ఎంజైము ఎంత ఉందో చెబుతుంది. అది ఎంత పని చేస్తోందో చెప్పదు. మగ్గాలు లెక్కపెట్టినంత మాత్రాన ఎంత బట్ట నేశారో తెలియదు కదా. ఈ ఎంజైము పనిచేయాలంటే ఇనుము, ఆక్సిజన్, టెట్రాహైడ్రోబయాప్టెరిన్ అనే సహాయక అణువు అందాలి. 2017లో అమెరికాలో అనుమతి పొందిన టెలోట్రిస్టాట్ మందు ఈ ఎంజైము పనినే అడ్డుకుంటుంది. అణువు అక్కడే ఉండి పని ఆగిపోయినా, ప్లేటులో రంగు రావచ్చు.

పరిమాణం తెలిస్తే చాలదా, చురుకుదనం కొలవడం శ్రమతో కూడిన పని కదా అనవచ్చు. జన్యువు పనితీరు మారిందా అని చూసేటప్పుడు పరిమాణమే కావాలి, అందుకు ఎలైజా చక్కటి సాధనం. అయితే అక్కడా ఈ ఎంజైముకున్న రెండు రూపాల్లో దేన్ని కొలిచామన్నది తేలాలి. 2003లో బెర్లిన్ పరిశోధకులు ఒక రూపపు జన్యువును తొలగించిన ఎలుకల మెదడులో సెరటోనిన్ మిగిలే ఉండటం చూసి రెండో రూపాన్ని గుర్తించారు. మొదటిది ముఖ్యంగా పేగుల్లో, రెండోది మెదడు నాడీకణాల్లో పనిచేస్తాయి. వాటి నిర్మాణం చాలావరకు ఒకటే కాబట్టి యాంటీబాడీ ఒకదాన్ని మరొకటిగా పొరబడవచ్చు. పైగా శరీరంలోని సెరటోనిన్‌లో అధికభాగం పేగుల్లోదే, అది రక్తం నుంచి మెదడులోకి చేరదు. అందుకే రక్తంలో ఈ ఎంజైము అంకె ఒక్కటే చూసి మనసు స్థితిని తేల్చకూడదు. ఏ రూపం, ఏ కణజాలం, చురుకుదనం ఎంత అని అడిగి తెలుసుకున్నాకే ఆ నివేదికను నమ్మండి.