న్యాయాధిపతి ఎవరికి పోలిక?

లూకా సువార్త 18వ అధ్యాయంలో ఒక న్యాయాధిపతి ఉన్నాడు. దేవుడంటే భయం లేదు, మనుషులంటే లెక్క లేదు. గిట్టనివాళ్లు వేసిన నింద కాదిది, ఆయనే మనసులో తన గురించి అలా ఒప్పుకుంటాడు. చెడ్డవాడే గాని ఆత్మవంచన లేనివాడు. ఒక విధవరాలు ఆయన దగ్గరికి వస్తూనే ఉంటుంది, ప్రతివాదితో నా తగవు తీర్చమంటూనే ఉంటుంది. కొన్నాళ్లు పట్టించుకోడు. చివరికి ఆమె పోరు పడలేక తీర్చేద్దామనుకుంటాడు. విసుగు చెందకుండా ప్రార్థించాలని చెప్పడానికి యేసు ఈ కథ చెప్పాడని లూకా మొదట్లోనే రాసిపెట్టాడు. భావం ముందే చెప్పి కథ మొదలుపెట్టడం సువార్తల్లో అరుదు. అయినా మనం తడబడుతూనే ఉంటాం.

కథ వినగానే పాత్రలను పంచేస్తాం కదా, తడబాటు అక్కడే. విధవరాలంటే మనం. మరి న్యాయాధిపతి? మిగిలింది దేవుడొక్కడే. అంటే దేవుడు మొదట వినడన్నమాట, విసిగిస్తే వింటాడన్నమాట. ఇంత మాట ఎవరూ పైకి అనరు. కానీ ఆల్ నైట్ ప్రార్థన తెల్లవారుజామున మూడింటికి, గొంతులు బొంగురుపోయాక కూడా మైకు సౌండు పెంచుతున్నారంటే, అవతల వినేవాడి గురించి మనలో ఎక్కడో ఒక అంచనా ఉన్నట్టే.

ఈ పొరపాటులో కొంత భాగం మన మాటది. తెలుగు బైబిలు ఇలాంటి కథను ‘ఉపమానం’ అంది. బడిలో అలంకారాలు బట్టీ పట్టినవాళ్లకి ఉపమానం అనగానే దాని జోడీ ఉపమేయం గుర్తొస్తుంది. ముఖం ఉపమేయం, చంద్రుడు ఉపమానం, రెంటికీ ఏదో ఒక సమానధర్మం ఉండాలి. దాంతో న్యాయాధిపతికీ దేవుడికీ సమానధర్మం వెతుకుతూ కూర్చుంటాం. గ్రీకులో ఉన్న మాట ‘పరబోలే’. అంటే ఒకదాని పక్కన ఇంకొకటి పడేయడం. దాని వెనకున్న హీబ్రూ మాట ‘మాషాల్’ ఇంకా విశాలం. సామెత, పొడుపు, ఎత్తిపొడుపు అన్నీ అందులోకే వస్తాయి. పక్కన పెట్టిన రెండూ ఒకేలా ఉండాలని నియమమేమీ లేదు. తేడా కనబడడానికి కూడా పక్కపక్కన పెడతారు.

ఈ కథ నడక మన శాస్త్రాల్లో కైముతిక న్యాయం అనేదాని నడక. అంత బరువు మోసినవాడికి ఇదొక లెక్కా అంటాం చూడండి, అదే. ఎవరినీ ఖాతరు చేయనివాడే ఆఖరికి న్యాయం తీరిస్తే, తనవాళ్ల మీద ప్రేమ ఉన్న దేవుడి సంగతి వేరే చెప్పాలా? అదే సువార్త 11వ అధ్యాయంలో యేసు దీన్ని విప్పి చెబుతాడు కూడా. కొడుకు చేప అడిగితే పాము, గుడ్డు అడిగితే తేలు ఇచ్చే తండ్రి ఉండడు. చెడ్డవాళ్లయిన మీకే పిల్లలకు ఏం పెట్టాలో తెలిస్తే, పరలోకపు తండ్రికి తెలియదా అంటాడు. వాదానికి బలం పోలికలో లేదు, ఎడంలో ఉంది. న్యాయాధిపతి ఎంత చెడ్డవాడైతే వాదం అంత గట్టిది.

ఇక విధవరాలు. ఆమె మాటిమాటికీ వచ్చి ‘గోజాడుతుంది’ అని పాత తెలుగు బైబిలు. వెంటపడి ప్రాధేయపడడం, వేపుకు తినడం రెండూ ఉన్నాయి ఆ మాటలో. గ్రీకు మూలం ఇంత మర్యాదగా లేదు. అక్కడున్న క్రియకు అసలు అర్థం కంటి కింద గుద్దడం. ముష్టియుద్ధాల గోదాలో మాట. పౌలు కొరింథీయులకు రాస్తూ తన శరీరాన్ని తాను నలగగొట్టుకోవడం గురించి చెప్పినప్పుడు ఇదే క్రియ వాడాడు. అంటే ఊరి పెద్ద న్యాయమూర్తి, అండలేని ఆడమనిషి చేతిలో కన్ను వాచిపోతుందేమోనని జంకుతున్నాడు. విన్నవాళ్లు నవ్వే ఉంటారు. మనం మాత్రం ఈ భాగాన్ని గంభీరంగా చదువుతాం. ఆమె తరఫున మాట్లాడే మగదిక్కు కథలో కనబడడు, లంచం ఊసే లేదు. ఆమెకున్న పెట్టుబడల్లా గొంతూ, రోజూ వచ్చే ఓపికా.

11వ అధ్యాయంలోనే అర్ధరాత్రి స్నేహితుడి కథ కూడా ఉంది. ప్రయాణం చేసి అతిథి వచ్చాడు, ఇంట్లో ఏమీ లేదు. పక్కింటి తలుపు తట్టి మూడు రొట్టెలు అప్పు అడుగుతాడు. లోపల ఒకే గది అనుకోండి, చాపల మీద వరసగా పిల్లలు. లేచి గడియ తీస్తే అందరూ లేస్తారు. చిన్నవాడు ఏడుపందుకుంటే ఇక తెల్లారినట్టే. అందుకే ‘తలుపు వేసేశాను, పిల్లలు నా దగ్గర పడుకున్నారు’ అని లోపల్నుంచే జవాబు. స్నేహం కోసం లేవకపోయినా, అతను సిగ్గుమాలి అడగడం వల్ల లేస్తాడని తెలుగు బైబిలు. గ్రీకులో ఆ మాట ‘అనైదెయ’, కొత్త నిబంధన మొత్తంలో ఈ ఒక్కచోటే వస్తుంది. మధ్యప్రాచ్యంలో దశాబ్దాలు గడిపిన బైబిలు పండితుడు కెన్నెత్ బెయిలీ ఆ సిగ్గు తట్టినవాడిది కాదు, పడుకున్నవాడిది అన్నాడు. అతిథిని పస్తు పెట్టారన్న మాట ఊరంతటికీ తలవంపు, దానికి జడిసి లేస్తాడని ఆయన వాదన. ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. ఎటు చదివినా పడుకున్నవాడు దేవుడు కాడు. ఇశ్రాయేలును కాపాడేవాడు కునకడు, నిద్రపోడు అనే 121వ కీర్తన ఆ విన్నవాళ్లకి నోటికి వచ్చు. ఆ మూడు రొట్టెలు త్రిత్వమన్నాడు తొలినాటి సంఘ పితరుడు అగస్టీను. అతిథి మాత్రం ఆకలితో వచ్చాడు.

ఇలా అడగడానికి ఎంత విశ్వాసం ఉండాలి? ఆ కొలత మాటకొస్తే, 17వ అధ్యాయంలో అపొస్తలులు మా విశ్వాసం పెంచమని అడుగుతారు. ఆవగింజంత ఉంటే చాలు, కంబళిచెట్టు వేళ్లతో సహా పెకలి సముద్రంలో నాటుకుంటుందని జవాబు. వాళ్లు ఇంకో తవ్వెడు అడిగితే ఆయన తవ్వనే పక్కన పెట్టేశాడు.

ఒక్కచోట మాత్రం లెక్క చూడమంటాడు. 14వ అధ్యాయంలో జనం గుంపులుగా వెంట వస్తుంటే వెనక్కి తిరిగి గోపురం కథ చెబుతాడు. గోపురం అనగానే మనకు గుడి కనబడుతుంది గాని, అక్కడిది ద్రాక్షతోట కాపలా బురుజు కావచ్చు. కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు చూసుకోడా? పునాదితో ఆగిపోతే దారినపోయేవాళ్లంతా నవ్వరా? ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న మనకు ఇది విప్పి చెప్పక్కర్లేదు. పై అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు తుప్పు పట్టి నిలబడ్డ డాబా లేని వీధి మనకెక్కడుంది? వెంటనే ఇంకో కథ. పదివేల మందితో ఒక రాజు, ఇరవై వేల మందితో ఎదురొస్తున్న రాజు. మొదటివాడు కూర్చుని ఆలోచించి, నెగ్గలేననుకుంటే శత్రువు దూరంగా ఉండగానే రాయబారుల్ని పంపుతాడు. ఇరవై వేల రాజు ఎవరని అడగడం మొదలుపెడితే మళ్లీ ఉపమేయం వేటలో పడ్డట్టే.

జనం పోగైనకొద్దీ సంబరపడే బోధకుల మధ్య, పోగైన జనాన్ని ఇంటికెళ్లి లెక్కలు చూసుకోమన్నవాడు ఈయన. ఎంతవుతుందో కూడా తర్వాతి వాక్యంలోనే చెప్పేశాడు: ఉన్నదంతా. గుంపులో ఎంతమంది మిగిలారో లూకా రాయలేదు. ఆ వెంటనే ఉప్పు సంగతి ఎత్తుకున్నాడు.