లెక్క చెప్పి అడిగిన ఊరు



మన ఊరు బాగుపడాలని కోరనివారు ఎవరుంటారు? రచ్చకట్ట మీద నలుగురు కూర్చుంటే ఇదే మాట. చెరువు పూడిపోయిందని ఒకరు, బాట సరిగా లేదని ఒకరు, చేతికి పని దొరకడం లేదని మరొకరు. గంటసేపు చెప్పుకుంటాము. ప్రొద్దు గుంకుతుంది. లేచి, కండువా దులుపుకొని ఇంటిదారి పడతాము. మర్నాడు మళ్ళీ అదే మాట. చెప్పుకున్నదంతా నిజమే. మరి పని ఎందుకు సాగదు? ఈ సంగతిని పోచంపల్లి కథ ద్వారా ఆలోచిద్దాము.

పోచంపల్లి హైదరాబాదుకు తూర్పున 40, 50 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరు. వెనుక నల్లగొండ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాలు విడదీసినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వచ్చింది. ఇప్పుడు పంచాయతీ దాటి పురపాలక సంఘం కూడా అయింది. అయినా దాని బ్రతుకు పల్లె బ్రతుకే. ఒక వీధిలో నాగలి, ఇంకో వీధిలో మగ్గం. ఈ ఊరి పేరు వినగానే మనకు చీర గుర్తుకు వస్తుంది. భూదానం కూడా గుర్తుకు రావాలి. ఆ కథ మనలో చాలామందికి తెలుసు. కాని అందులో ఒక లెక్క ఉంది. దాన్ని మనం అంతగా పట్టించుకోము.

అది 1951వ సంవత్సరం. తెలంగాణలో భూమి కోసం 1946లో మొదలైన సాయుధ పోరాటం ఇంకా చల్లారలేదు. నల్లగొండ జిల్లా దానికి నడిబొడ్డు. ఊళ్ళలో భయం, ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదు. అటువంటి రోజులలో ఆచార్య వినోబా భావే, హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనం ముగించుకొని, కాలినడకన పల్లెలు తిరుగుతూ ఏప్రిల్ 18న పోచంపల్లి చేరినారు.

ఆయన దళితవాడకు పోయి, మీకు కావలసింది ఏమిటని అడిగినారు. అక్కడ 40 కుటుంబాలవారు ఉన్నారు. భూమి కావాలన్నారు. ఎంత కావాలంటే, ‘ఎంతో కొంత ఇప్పించండి’ అనలేదు. 80 ఎకరాలు కావాలన్నారు. అందులోనూ 40 ఎకరాలు తరి, 40 ఎకరాలు ఖుష్కి అని విడదీసి చెప్పినారు.

ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. 40 కుటుంబాలకు 80 ఎకరాలంటే ఇంటికి రెండెకరాలు. ఒక ఎకరం చెరువు క్రింద, ఒక ఎకరం చెలక. మన ఎగువ నేలల్లో సాలుకు 700 మిల్లీమీటర్లకు అటూఇటూగా వాన పడుతుంది. అది కూడా అనుకున్న కార్తెలో పడదు. చెరువు నిండిన ఏడు తరిలో వరి పండుతుంది. నిండని ఏడు చెలకలో జొన్నలు, కందులు, ఆముదాలు ఎన్నోకొన్ని చేతికి వస్తాయి. ఒకటి తప్పితే ఒకటి ఆదుకుంటుంది. పండితే గింజ, పండకపోతే కనీసం పశువుకు చొప్ప. ఆ 80 అనే అంకెలోనే ఒక సేద్యపు పథకం ఇమిడి ఉన్నది. సొంత భూమి లేకపోయినా ఇతరుల పొలాలలో తరతరాలుగా చెమటోడ్చినవారు గదా, ఏ నేల ఏమి ఇస్తుందో వారికి బాగా తెలుసు!

సర్కారును అడిగి చూడాలనేది మొదట వచ్చిన ఆలోచన. కాని అది ఎప్పటికయ్యే పని? సర్కారు సంగతి అట్లా ఉండగా, ఊళ్ళో ఎవరైనా ఇవ్వగలరా అని వినోబా అక్కడ చేరినవారినే అడిగినారు. అప్పుడు వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి, 100 ఎకరాలు ఇస్తానన్నారు. అడిగినదానికన్నా 20 ఎకరాలు ఎక్కువ! భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఊరికి భూదాన్ పోచంపల్లి అనే పేరు నిలిచింది. ఆ నడకలోనే, రెండు నెలలు తిరగకముందే, తెలంగాణలో రమారమి 12 వేల ఎకరాలు దానంగా వచ్చినాయి. తరువాత దేశమంతటా తిరిగితే 40 లక్షల ఎకరాలకు పైగా పలికినారు.

ఇచ్చినవారి పేరును లోకం చెప్పుకొంటుంది. చెప్పుకోవలసినదే. కాని అడిగినవారి తెలివి కూడా తక్కువది కాదు. ‘మాకు కష్టంగా ఉంది’ అంటే విన్నవాడు ‘అయ్యో’ అంటాడు. ‘ఇంటికి రెండెకరాల చొప్పున 80 ఎకరాలు కావాలి’ అంటే విన్నవాడు తన భూమి లెక్క చూసుకుంటాడు. మొదటి మాటకు జాలి పుడుతుంది. రెండవదానికి జవాబు చెప్పవలసి వస్తుంది. ఆ మాట పదిమంది ముందర పడితే, వచ్చే జవాబు కూడా పదిమంది ముందరే వస్తుంది.

ఇంతవరకు తీపి. ఇక చేదు కూడా చెప్పుకోవాలి.

దేశమంతటా దానంగా పలికిన ఆ 40 లక్షల ఎకరాలూ పేదల చేతికి చేరలేదు. చాలా భాగం పంపకమే కాలేదు. కొంత రాళ్ళగుట్ట అయింది. కొంత తగాదాలలో చిక్కింది. కొన్నిచోట్ల తండ్రి ఇచ్చినదాన్ని కొడుకులు ఒప్పుకోలేదు. భూమి చేతికి వచ్చినా ఎద్దులు, విత్తనం, నీరు లేక దున్నలేనివారు ఎందరో. ఆంధ్రప్రదేశ్‌లో 1965లో భూదాన, గ్రామదాన చట్టం వచ్చింది. భూదాన భూమి పొందినవారి పిల్లలకు అది సంక్రమిస్తుంది గాని, అమ్ముకొనే హక్కు లేదు. ఈ సంగతి తెలియక మోసపోయినవారు, తెలిసి మోసగించినవారు ఇద్దరూ ఉన్నారు. కనుక రైతు సోదరులారా, ఎక్కడైనా భూదాన భూమి అమ్మకానికి ఉన్నదంటే దగ్గరికి పోవద్దు. మీ చేతిలో అటువంటి భూమి ఉంటే సర్వే నంబరు, హద్దులు, పాసు పుస్తకంలో పేరు సరిగా ఉన్నాయో లేదో చూసుకోండి.

ఇందులో మనకు తేలేదేమిటి? మంచిమనసు పనికి మొదలు మాత్రమే. ఆ వెనుక కాగితం రావాలి. కాగితం వెనుక నీరు, పెట్టుబడి రావాలి. వచ్చినదాన్ని కనిపెట్టుకొని ఉండే మనిషి కావాలి. ఈ వరుసలో ఏది తప్పినా, సభలో మ్రోగిన చప్పట్లు సభలోనే ఆగిపోతాయి.

ఇక పోచంపల్లి రెండవ వీధికి, మగ్గాల వైపుకు పోదాము. ఇక్కడి చీర మీద బొమ్మను తరువాత అద్దరు. నేయకముందే దారానికి ముడులు కట్టి, రంగులో ముంచి, ముడి విప్పి, మళ్ళీ కట్టి మళ్ళీ ముంచుతారు. అట్లా రంగు పట్టిన పోగులు మగ్గం మీద ఒకదాని ప్రక్క ఒకటి చేరితే బొమ్మ తేలుతుంది. ఒక పోగు జరిగితే బొమ్మ చెదిరిపోతుంది. ఈ ముడులు కట్టడానికి ముందు దారాన్ని మేకుల చుట్టూ అర్ధచంద్రాకారంలో వరుసగా పోయాలి. దీన్ని ఆసు పోయడం అంటారు. ఒక చీరకు ఆ చేయి 9 వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. రోజుకు రెండు చీరల ఆసు పోస్తే 18 వేల సార్లు! ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. సాయంత్రానికి భుజం పట్టేసి చేయి లేవదు.

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే నేతపనివారి బిడ్డ, తన తల్లి లక్ష్మమ్మ పడే ఈ బాధను చూసినారు. పెద్ద చదువు చదివినవారు కారు. ఆ చేయి ఎటు పోతున్నది, ఎన్నిసార్లు పోతున్నది అని కదలికను విడివిడిగా చూసి, ఏండ్ల తరబడి పనిచేసి, 1999లో ఆసు యంత్రం తయారుచేసినారు. దానికి తల్లి పేరే పెట్టినారు. చేతితో నాలుగైదు గంటలు పట్టే ఆసు ఆ యంత్రం మీద గంటన్నరలో అవుతుంది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చి గౌరవించింది. చూసినారా, ఇక్కడ కూడా లెక్కే! ‘అమ్మకు భుజం నొప్పి’ అన్నంతకాలం అది ఇంటి బాధ. చేయి 9 వేల సార్లు తిరుగుతున్నదని తేలిన తరువాత అది తీర్చగలిగిన పని.

పోచంపల్లి నేత పేరు పెట్టుకొని వేరేచోట అచ్చువేసిన బట్ట అమ్మడం మొదలైనప్పుడు కూడా నేతగాండ్లు ఒక్కొక్కరుగా మొరపెట్టుకోలేదు. చేనేత సహకార సంఘము, చీరల తయారీదారుల సంఘము కలిసి దరఖాస్తు పెట్టి, 2005 నాటికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాయి. 2021లో ఐక్యరాజ్య సమితి ప్రపంచ పర్యాటక సంస్థ ఈ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాలలో ఒకటిగా ఎంచింది. పేరు వచ్చినంత మాత్రాన నేతగాని కూలి దానంతట అది పెరగదు. దానికోసం సంఘం రోజూ పనిచేస్తూ ఉండవలసిందే.

సరే, భూమి సంగతి అయింది, మగ్గం సంగతి అయింది. ఇక మీ ఊరి సంగతికి వద్దాము. మన ప్రాంతంలో ప్రతి ఊరికీ ఉన్న పని ఒకటే — చెరువు. 2015లో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీత పెద్ద ఎత్తున జరిగింది. కాని పూడిక ఒకసారి తీస్తే తీరేది కాదు. వానకాలం వచ్చిన ప్రతిసారీ మట్టి వచ్చి చేరుతూనే ఉంటుంది. కాబట్టి ‘మా చెరువు పూడింది’ అనకుండా, దాన్ని లెక్కలో పెట్టి చూడండి.

చెరువు శిఖంలో ఒక ఎకరం మేర, ఒక మీటరు లోతున పూడిక తీస్తే రమారమి 40 లక్షల లీటర్ల నీరు అదనంగా నిలుస్తుంది. ఎకరం వరికి పంటకాలంలో 1200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే అది 48 లక్షల లీటర్లవుతుంది. అంటే ఆ అదనపు నీరు ఒక ఎకరం వరికి కూడా పూర్తిగా చాలదు. అదే వేరుశనగకు 500 మిల్లీమీటర్లు చాలనుకుంటే, రెండెకరాలకు సరిపోతుంది. ఎండకు ఆవిరయ్యేది, భూమిలోకి ఇంకేది కొంత తీసివేయండి. ఇంకినది వృథా కాదు. దిగువ బావులలో ఊరుతుంది. ఇప్పుడు చెప్పండి, ఈ లెక్క పలకమీద వ్రాసి ఊరందరి ముందు పెడితే, ఎన్ని ఎకరాల పూడిక తీయాలి, దాని క్రింద ఏ పంట వేయాలి అనే మాట రాదంటారా? తీసిన మట్టిని చెలకలకు తోలుకుంటే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయితే ముందు ఆ మట్టిని పరీక్ష చేయించండి. చౌడు ఉన్న మట్టి అయితే మేలు పోయి కీడు వస్తుంది.

విస్తరణోద్యోగులకు నాలుగు మాటలు మనవి చేస్తాను. మొదటిది: అందరినీ రైతు వేదికకు రమ్మని కబురు పెట్టి ఊరుకోకండి. రాలేనివారి దగ్గరికి మీరే పొండి. పోచంపల్లిలో అసలు మాట బయటపడింది దళితవాడలోనే గదా. కూలికి పోయే అక్కలు ఇంట్లో ఉండేది తెల్లవారుజామున, ప్రొద్దు గుంకిన తరువాత. ఆ వేళకే పోవాలి. రెండవది: అవసరాన్ని అంకెతో చెప్పించండి. ఎన్ని ఇండ్లు, ఎన్ని ఎకరాలు, ఎన్ని గంటలు, ఎన్ని బిందెలు. మూడవది: పై అధికారులకు అర్జీ వ్రాసేముందు, ఇందులో ఊరు తానై చేసుకోగలిగింది ఎంత అని అడిగించండి. సర్కారు చేయవలసినదాన్ని సర్కారు నుండి రాబట్టవలసిందే, అది హక్కు. భూమి సంగతే చూడండి, దానం ఒక్కదానితో తీరలేదు. 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టం, 1973 నాటి భూపరిమితి చట్టం కూడా కావలసి వచ్చినాయి. కాని ఊరు ముందు తన వంతు చెప్పితే అర్జీకి బలం వస్తుంది. నాలుగవది: ఒప్పుకున్నది ఆ రోజే కాగితం మీద పెట్టండి. ఎవరు, ఏమి, ఎప్పటిలోగా అని వ్రాసి, చదివి వినిపించి, సంతకాలు తీసుకోండి.

తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకు ఒకసారి జరగాలి. అంటే ఏడాదికి ఆరుసార్లు, ఊరందరి ముందు నిలబడి అడిగే అవకాశం మీ చేతిలో ఉన్నది. రిజిస్టరులో సంతకం పెట్టి వెనక్కు వస్తే అది వట్టి సంతకమే. ఒక లెక్క చేతబట్టుకొని పోతే మాట వేరు.

కనుక ఈసారి రచ్చకట్ట మీద కూర్చున్నప్పుడు ఒక పని చేయండి. చెరువు పూడిందని ఎవరైనా అంటే, ‘ఎన్ని ఎకరాలన్నా?’ అని అడగండి. నీళ్ళు రావడం లేదంటే, ‘ఎన్ని ఇండ్లకక్కా?’ అని అడగండి. ఆ జవాబు ఒక కాగితం మీద వ్రాసుకోండి. వచ్చే గ్రామసభలో దాన్ని గట్టిగా చదవండి. లేచి ‘నేనిస్తాను’ అనేవారు మీ ఊళ్ళో లేరని ముందే అనుకోకండి. 1951 ఏప్రిల్ 18 ప్రొద్దున, పోచంపల్లిలో కూడా ఎవరూ అట్లా అనుకొని ఉండరు.