మాతృత్వం – మహిళల ఉపాధి: చీపురుపల్లి ప్రాంత నేపథ్యంలో కుటుంబ విధానాల పరిశీలన

వ్యాససంగ్రహం:
బిడ్డ పుట్టిన తరువాత తల్లి సంపాదన ఎందుకు తగ్గుతుంది, ఆ తగ్గుదలను ప్రభుత్వ విధానాలు ఎంతవరకు నివారించగలవు అన్న ప్రశ్నలను ఉత్తరాంధ్ర గ్రామీణ నేపథ్యంలో ఈ వ్యాసం వివరిస్తుంది. సెలవు ఆధారంగా రూపొందిన చట్టం యజమాని ఉన్న ఉద్యోగినికే చేరుతుందని, కూలిపని చేసే తల్లికి శిశుసంరక్షణ వసతే కీలకమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మాతృత్వం, ప్రసూతి ప్రయోజనం, శిశుసంరక్షణ, వ్యవసాయ కూలీలు, ఉత్తరాంధ్ర.

1. పరిచయం

తల్లి అయిన తరువాత స్త్రీ ఆదాయంలో కలిగే తగ్గుదలను ఆర్థికవేత్తలు ‘చైల్డ్ పెనాల్టీ’ అంటున్నారు. తెలుగులో దీనిని ‘మాతృత్వపు మూల్యం’ అనవచ్చు. హెన్రిక్ క్లెవెన్ బృందం 2019లో ప్రచురించిన డెన్మార్క్ అధ్యయనం ప్రకారం, తొలి బిడ్డ పుట్టాక స్త్రీల సంపాదన పురుషులతో పోల్చితే దీర్ఘకాలంలో సుమారు 20 శాతం వెనుకబడింది. ఉదారమైన సెలవులు, శిశుసంరక్షణ కేంద్రాలు ఉన్న దేశంలోని స్థితి ఇది. అక్కడ నష్టాన్ని జీతాల లెక్కలలో చూడవచ్చు. చీపురుపల్లి పరిసర గ్రామాల కూలి స్త్రీకి జీతపు లెక్కే ఉండదు కనుక ఆమె నష్టం ఏ పట్టికకూ ఎక్కదు.

2. చట్టం చేరే పరిధి

1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, తొలి రెండు కాన్పులకు వేతనంతో కూడిన సెలవును 12 నుండి 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థలలో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. అయితే ప్రసవానికి ముందు 12 నెలలలో ఆ యజమాని వద్ద కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఈ హక్కు దినకూలీలకూ వర్తిస్తుందని ఢిల్లీ నగరపాలక సంస్థ మస్టర్ రోల్ కార్మికురాళ్ల కేసులో 2000లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాని అక్కడ యజమాని ఒక్కరే. ఒకనాడు ఒకరి మడిలో ఊడ్పులకు, మరునాడు మరొకరి చేలో కలుపుతీతకు వెళ్ళే స్త్రీకి ఆ 80 రోజులు ఎవరు లెక్కకడతారు?

సెలవు కాలపు వేతన భారమంతా యజమానిదే కావడం మరొక చిక్కు. పెళ్ళీడు స్త్రీలను పనిలోకి తీసుకోవడానికి ఇది వెనుకాడేలా చేయవచ్చు. అందుకే అంతర్జాతీయ కార్మిక సంస్థ 2000లో ఆమోదించిన 183వ ఒడంబడిక ఈ వ్యయాన్ని సామాజిక బీమా లేదా ప్రభుత్వ నిధులు భరించాలంటుంది.

యజమాని లేని తల్లికి మిగిలేది నగదు సాయం. 2013 ఆహార భద్రతా చట్టం కనీసం రూ. 6,000 అన్నది. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజన తొలి కాన్పుకు ఇచ్చేది రూ. 5,000. ఉద్యోగినికి దక్కే 26 వారాల వేతనానికి ఇది సాటి రాదు.

3. కన్నవారింటి అండ

చట్టం చేరని చోట ఆచారం ఆదుకుంటున్నది. తొలి పురుడు కన్నవారింట జరగడం ఆనవాయితీ. తల్లి తిరిగి పనిలోకి వెళ్ళినపుడు బిడ్డను చూసేది అమ్మమ్మో నాయనమ్మో. అయితే ఆ వృద్ధురాలు కూడా చాలాచోట్ల కూలికి వెళ్ళగల మనిషే. ఆమె ఇంట ఆగిపోతే మూల్యం తీరినట్లు కాదు, ఒక తరం స్త్రీ నుండి మరొక తరం స్త్రీకి మారినట్లు. బతుకుతెరువుకై విశాఖపట్నం, హైదరాబాదు వలసవెళ్ళిన కుటుంబాలకు ఆ అండ కూడా దూరమే.

4. సంరక్షణ కూడా పనే

1975లో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం కింద అంగన్‌వాడీలు 3 నుండి 6 ఏళ్ల పిల్లలకు పూర్వప్రాథమిక విద్యను, అంతకన్నా చిన్నవారికి పోషకాహారాన్ని అందిస్తాయి. చంటిబిడ్డను పొద్దస్తమానం ఉంచుకొనే ఏర్పాటుగా అవి రూపొందలేదు. ఈ లోటును గుర్తించిన చట్టం 2005 నాటి ఉపాధి హామీ చట్టం. పనిస్థలంలో ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు, అంతకు మించి ఉంటే వారిని చూసేందుకు ఒక స్త్రీని నియమించి, ఇతర కూలీలతో సమానంగా వేతనం ఇవ్వాలని దాని రెండవ షెడ్యూలు నిర్దేశించింది. బిడ్డను చూడడం కూలికి తగిన పని అని ఒప్పుకున్న నిబంధన ఇది.

5. ముగింపు

సెలవు తల్లిని కొద్ది నెలలు పనికి దూరంగా ఉంచుతుంది. సంరక్షణ ఆమెను తిరిగి పనికి చేరుస్తుంది. ఉత్తరాంధ్ర కూలి స్త్రీకి మొదటిది చేరలేదు, రెండవది ఇంటి పెద్దామె ఉచిత శ్రమపై నిలిచింది. అంగన్‌వాడీ వేళలను పొలం పని వేళలకు కలపడం, సంరక్షకురాలికి వేతనం చెల్లించడం, ప్రసూతి వ్యయాన్ని ప్రభుత్వం పంచుకోవడం అనే మూడు మార్పులు జరిగినపుడే మాతృత్వపు మూల్యం తగ్గుతుంది.