దూరపు కొండలు నునుపెందుకు?

పాడేరు దగ్గర వంజంగి కొండ మీద తెల్లవారుజామున నిలబడితే వరస వెనక వరసగా కొండలు. అదే దృశ్యం ఫోన్‌లోకి వచ్చేసరికి చాలామందికి దక్కేది గోడకు అతికించినట్టుండే బొమ్మ.

మన కళ్ల మధ్య ఎడం సుమారు 6 సెంటీమీటర్లు. రెండు కళ్లూ చూపే బొమ్మల్లోని స్వల్ప తేడాను బట్టి మెదడు లోతును లెక్కగడుతుంది. కెమెరాది ఒంటికన్ను. అయితే కిలోమీటర్ల దూరంలోని కొండల దగ్గర మన రెండు కళ్ల లెక్కా పనిచేయదు. అక్కడ మనకైనా, కెమెరాకైనా పెద్ద ఆధారం గాలే.

గాలి అణువులు పొట్టి తరంగాలను ఎక్కువగా చెదరగొడతాయి. 1871లో భౌతికశాస్త్రవేత్త రేలీ తేల్చిన సూత్రం ప్రకారం 450 నానోమీటర్ల నీలం, 650 నానోమీటర్ల ఎరుపు కంటే 4 రెట్లకు పైగా చెదురుతుంది. కొండ ఎంత దూరమైతే మధ్యలో అంత గాలి. అది చెదరగొట్టిన నీలి వెలుగు కొండ నీడల మీద పరుచుకుంటుంది. చెట్టుకీ బండకీ తేడా చెరిగిపోయి నునుపు మిగులుతుంది. మన సామెత నూటికి నూరుపాళ్లూ భౌతికశాస్త్రమే! లోయలోని పొగమంచు సంగతి వేరు. దాని నీటి తుంపరలు కాంతి తరంగాల కంటే బాగా పెద్దవి కాబట్టి అన్ని రంగులనూ దాదాపు సమానంగా చెదరగొడతాయి. అందుకే అది తెలుపు. రేలీకి మూడున్నర శతాబ్దాల ముందే లియొనార్డో డావించి, దూరపు కొండలకు నీలం వేయమని చిత్రకారులకు రాసిపెట్టాడు.

ఇక ఫొటో సంగతి. సూర్యుడు మీ వీపు వెనక ఉంటే వరసలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సూర్యుడి వైపు తిరిగి తీయండి. పొగమంచు తుంపరలు కాంతిని ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి కనుక, ఎదురు వెలుగులో వరసకీ వరసకీ మధ్య తెల్లటి తెర లేస్తుంది. దగ్గరి కొండ నల్లగా, చివరిది ఆకాశంలో కలిసిపోయేంత లేతగా వస్తుంది. ఈ తెరలే కావాలంటే టెలి లెన్స్ మేలు.

వైడ్ లెన్స్‌కు మాత్రం ముందు భాగంలో ఏదో ఒకటి ఉండాలి: బండో, గడ్డిదుబ్బో, కాలిబాటో. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్‌ను ఎఫ్ 11 అపర్చర్ దగ్గర పెట్టి 1.8 మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, మీటరు దూరంలోని గడ్డి నుంచి చివరి కొండ దాకా స్పష్టంగా వస్తుంది. ఫోన్లలో సెన్సర్ చిన్నది, ఈ లెక్కతో పెద్దగా పనిలేదు.

ఒక్క మనవి. ఇంటికొచ్చాక ఎడిటింగ్ యాప్‌లో డీహేజ్ మీటను చివరిదాకా లాగకండి. అది తుడిచేది ఆ గాలి తెరలనే.