దించాలా? వదిలించుకోవాలా?

‘‘సార్, ఇంజిన్ బోరుకొచ్చింది. దించాల్సిందే. ఎనభై వేల దాకా అవుద్ది.’’

మెకానిక్ ఈ మాట అన్నాడంటే ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ ఖాయం. అమ్మితే లక్షన్నర పలకని బండికి ఎనభై వేలా అని ఒకరు. పన్నెండేళ్లలో ఒక్కసారైనా దారిలో ఆగిందా అని ఇంకొకరు. ఈ వాదన ధర దగ్గర కాదు, పొగ దగ్గర మొదలుపెట్టాలి.

సైలెన్సర్ నీలిపొగ వదులుతుంటే ఇంజినాయిల్ తగలబడుతోందని అర్థం. తెల్లపొగ ఆగకుండా వస్తూ, కూలెంట్ కూడా తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. డీజిల్ బండి నల్లపొగ కక్కితే ఇంజెక్టర్లో, టర్బోనో, మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరో కావచ్చు. వాటికి ఇంజిన్ దించే పనే లేదు. బండి ఆన్‌లో ఉండగా ఆయిల్ పోసే మూత తీయించి చూడండి. గుప్పుగుప్పున పొగ తన్నుకొస్తే పిస్టన్ రింగులు అరిగి ఉండొచ్చు. డిప్‌స్టిక్‌కు అంటిన ఆయిల్ పాలకాఫీలా ఉంటే అందులో నీళ్లు కలిసినట్టే.

అసలు సాక్ష్యం కంప్రెషన్ టెస్టు. పెట్రోల్ బండైతే ప్లగ్గులు విప్పి, గేజి బిగించి ఒక్కో సిలిండర్‌నూ చూస్తారు. తక్కువ చూపినదాంట్లో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. రీడింగు పెరిగితే తప్పు రింగులది, బోరుది. పెరగకపోతే వాల్వులదో, గ్యాస్కెట్‌దో. అది హెడ్ వరకే పని, ఖర్చూ బాగా తగ్గుతుంది. ఈ టెస్టుకు బద్ధకించే షెడ్డులో ఇంజిన్ విప్పించకపోవడమే మేలు.

తర్వాత ఆర్‌సీ తీయండి. పదిహేనేళ్లు నిండితే కారు తుక్కేనని చాలామంది భయం. అదేం లేదు, ఫిట్‌నెస్ నెగ్గితే ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవచ్చు. కాకపోతే 600 రూపాయలున్న ఆ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది. బండిని లిఫ్టు ఎక్కించి అడుగు భాగం కూడా చూడాలి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. ఫ్లోరు తుప్పు తినేసిన బండికి కొత్త ఇంజిన్ పెట్టినా దండగే.

ఇక డబ్బు. బండి ఉంచుకునేవాళ్లకు దాని అమ్మకం ధరతో పనేముంది? చూడాల్సింది కొత్త కారు కిస్తీ. 9 శాతం వడ్డీకి 7 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు 14,500 దాటుతుంది. ఎనభై వేలంటే ఆరు నెలల కిస్తీ కూడా కాదు. బాగుచేసిన ఇంజిన్ రెండేళ్లు లాగినా గిట్టుబాటే. ఆలోగా గేర్‌బాక్సు, ఏసీ కంప్రెసర్ వరుస కట్టేలా ఉంటే మాత్రం లెక్క తలకిందులవుతుంది. అరుగుదలకు మామూలు బీమా పైసా ఇవ్వదు. సెకండ్ హ్యాండ్ ఇంజిన్ వేయిస్తే బిల్లు దాచుకుని, ఆర్‌సీలో ఇంజిన్ నంబరు మార్పించుకోవాలి.

బాడీ గట్టిగా ఉండి, స్పేర్లు దొరికే మోడల్ అయితే నిక్షేపంగా దించండి. బాగుచేయించి వెంటనే అమ్మేద్దామనుకుంటే మాత్రం వద్దు. మీరు పెట్టిన ఎనభై వేలూ కొనేవాడు కలిపి ఇవ్వడు. లోపం చెప్పి, ఉన్నది ఉన్నట్టే అమ్మేయండి.